గ్లూటెన్ పడనివారు: వ్యాధి నిర్ధారణ, భోజనం

గోధుమపిండిలో నీళ్లు పోసి పిసికితే ముద్ద సాగుతుంది. పరోటా పొరలు పొరలుగా రావడానికీ, బ్రెడ్డు పొంగి నిలబడడానికీ ఆ సాగుడే ఆధారం. దాన్నిచ్చేది గ్లూటెన్ అనే ప్రొటీన్ల సముదాయం. గోధుమలో గ్లయాడిన్, గ్లూటెనిన్, బార్లీలో హోర్డీన్, రై ధాన్యంలో సెకలిన్ ఈ కుటుంబానికి చెందినవి. వరి, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, కొర్రల వంటి ధాన్యాల్లో ఈ హానికర ప్రొటీన్లు లేవు.

గ్లూటెన్ పడకపోవడం ఒకే జబ్బు కాదు. మొదటిది సీలియాక్ వ్యాధి. ఇందులో రోగనిరోధక వ్యవస్థ గ్లూటెన్‌ను చూసి రెచ్చిపోయి సొంత చిన్నపేగునే దెబ్బతీస్తుంది. రెండోది గోధుమ ఎలర్జీ. తిన్న నిమిషాల్లో, లేదా గంట రెండు గంటల్లో దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తాయి, అరుదుగా ప్రాణం మీదికి తెస్తుంది. మూడోది, పేగులో గాయం గానీ ఎలర్జీ గుర్తులు గానీ లేకుండా గోధుమ తిన్నప్పుడల్లా బాధపెట్టేది. దీన్ని సీలియాకేతర గ్లూటెన్ అసహనం అంటున్నారు. జనం మూడింటినీ కలిపి ‘గోధుమ పడదు’ అనేస్తారు. జాగ్రత్తలు మాత్రం మూడింటికీ వేరు. అందుకే గోధుమ మానేయడానికి ముందే ఏది పడడం లేదో తేల్చుకోవాలి. ఆచరణలో ఈ వరుస తరచూ తలకిందులవుతోంది. ఈ వ్యాసంలో నిర్ధారణకు ఎక్కువ చోటు ఇవ్వడానికి కారణం అదే.

పేగులో జరిగేది

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. తువ్వాలు మీది నూలు పోగుల్లా లక్షల కొద్దీ ఆంత్రచూషకాలు లేచి ఉంటాయి. ఆహారంలోని సారాన్ని రక్తంలోకి పీల్చుకునేవి ఇవే. గ్లూటెన్‌లో ప్రోలిన్, గ్లూటమిన్ అనే ఎమైనో ఆమ్లాలు చాలా ఎక్కువ కాబట్టి మన జీర్ణరసాలు దాన్ని పూర్తిగా ముక్కలు చేయలేవు. 33 ఎమైనో ఆమ్లాల పొడవున్న ఒక ముక్క అరగకుండా మిగిలిపోతుందని 2002లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. ఇలాంటి ముక్కలు పేగు గోడలోకి చేరినప్పుడు టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైము వాటి రసాయన రూపాన్ని కొద్దిగా మారుస్తుంది. మారిన ముక్క హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ2 లేదా డీక్యూ8 అనే అణువులకు గట్టిగా అతుక్కుంటుంది. టీ-కణాలు దాన్ని శత్రువుగా లెక్కగట్టి దాడి మొదలుపెడతాయి. నెలలు, ఏళ్లు గడిచేసరికి చూషకాలు అరిగి చదునైపోతాయి. తిండి తింటున్నా ఇనుము, కాల్షియం, ఫోలిక్ ఆమ్లం, విటమిన్-డి ఒంటికి పట్టవు.

డీక్యూ2, డీక్యూ8 జన్యువులు ప్రపంచ జనాభాలో దాదాపు మూడో వంతు మందికి ఉంటాయి. వారిలో అత్యధికులు జీవితాంతం గోధుమ తిని హాయిగా ఉంటారు, కొద్ది శాతం మందికి మాత్రమే జబ్బు వస్తుంది. జన్యువు తప్పనిసరే గానీ అదొక్కటే చాలదు.

ఎవరిని అనుమానించాలి అన్నది చిక్కు ప్రశ్న. పాఠ్యపుస్తకాల్లో ఉన్న రోగి ఉబ్బిన పొట్ట, సన్నని కాళ్లు చేతులు, ఆగని విరేచనాలతో కనిపించే పసివాడు. ఇప్పుడు పెద్దవారిలో బయటపడుతున్న కేసులు చాలావరకు అలా ఉండవు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పెరగని హిమోగ్లోబిన్, వయసుకు ముందే గుల్లబారిన ఎముకలు, పదే పదే వచ్చే నోటిపూత, పళ్ల మీద పింగాణీ పొర లోపం, కారణం తెలియని సంతానలేమి, కాలేయ పరీక్షల్లో కొద్దిపాటి తేడా, నడకలో తూలు వంటివే వారిని డాక్టరు దగ్గరికి తీసుకొస్తాయి. పిల్లల్లో ఎత్తు పెరగకపోవడం ఒక్కటే లక్షణం కావచ్చు. మలబద్ధకం ఉన్నవారూ, లావుగా ఉన్నవారూ రోగుల్లో ఉన్నారు. మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద విపరీతమైన దురదతో నీటిపొక్కులు వచ్చే డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ ఈ వ్యాధికి చర్మరూపం. దాన్ని 1884లో డూరింగ్ అనే చర్మవైద్యుడు వర్ణించాడు. పేగుతో దానికున్న సంబంధం తెలియడానికి మాత్రం చాలా దశాబ్దాలు పట్టింది. టైప్-1 మధుమేహం, థైరాయిడ్ ఆటో ఇమ్యూన్ జబ్బులు, డౌన్ సిండ్రోమ్, టర్నర్ సిండ్రోమ్ ఉన్నవారిలో సీలియాక్ ఎక్కువ.

అరటిపండు నుంచి గోధుమ దాకా

క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లోనే కప్పడోసియాకు చెందిన ఆరెటియస్ అనే గ్రీకు వైద్యుడు ఇలాంటి దీర్ఘకాలిక విరేచనాల రోగాన్ని వర్ణించాడు. ఆధునిక వర్ణన లండన్ వైద్యుడు శామ్యూల్ గీది. 1887లో ఉపన్యాసంగా ఇచ్చి 1888లో అచ్చువేశాడు. ఈ జబ్బు నయమయ్యే మార్గమంటూ ఉంటే అది పథ్యంలోనే ఉందని ఆయన ఊహించాడు. ఏ పథ్యమో మాత్రం దొరకలేదు. 1924లో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టి పిల్లలను బతికించాడు. నిజానికి ఆ పథ్యంలో బ్రెడ్డు లేకపోవడమే పనిచేసింది, పేరు అరటిపండుకు పోయింది. కోలుకున్నారని పిల్లలకు మళ్లీ బ్రెడ్డు పెట్టాక జబ్బు తిరగబెట్టింది. మేలు జరిగిందనే కారణంతో అసలు హేతువును వెతకడం మానేస్తే ఏమవుతుందో చెప్పడానికి వైద్య చరిత్రలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

గుట్టు విప్పినవాడు డచ్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డిక్కె. 1944–45 చలికాలంలో జర్మన్ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో కరవు వచ్చి రొట్టె దొరకనప్పుడు సీలియాక్ పిల్లలు కోలుకున్నారనీ, రొట్టె తిరిగి రాగానే మంచాన పడ్డారనీ, దాన్ని చూసే ఆయన కనిపెట్టాడనీ కథ ప్రచారంలో ఉంది. కథ బాగుంది, కానీ వరుస సరికాదు. గోధుమ మాన్పించే ప్రయత్నం ఆయన 1930ల్లోనే మొదలుపెట్టి, 1941లో దాని గురించి రాశాడు కూడా. కరవు ఆ అనుమానాన్ని బలపరిచిందంతే. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో గోధుమ, రై దోషులని రుజువు చేశాడు. 1954లో జాన్ పాలీ అనే వైద్యుడు శస్త్రచికిత్సలో తీసిన పేగు ముక్కల్లో చూషకాల నష్టాన్ని చూశాడు. రెండేళ్లకు మార్గో షైనర్ నోటి గుండా గొట్టం పంపి పేగు ముక్క తీసే పద్ధతి తెచ్చింది. 1997లో బెర్లిన్‌లో డీటరిక్, షుప్పాన్ బృందం, రోగుల రక్తంలోని ప్రతిరక్షకాలు గురిపెడుతున్నది టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్‌నే అని కనుక్కుంది. నేటి రక్తపరీక్ష దాని ఫలమే.

రొట్టె తినే ఉత్తరం, అన్నం తినే దక్షిణం

భారతదేశంలో ఈ జబ్బు లేదని చాలాకాలం అనుకున్నారు. ఉత్తర భారత పిల్లల్లో దీన్ని గుర్తించిన వ్యాసం 1966లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ తర్వాత కూడా అరుదైనదిగానే లెక్క. 2011లో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన గోవింద్ మఖారియా బృందం ఢిల్లీ పరిసరాల్లో జనం మధ్యకు వెళ్లి చేసిన సర్వేలో సుమారు 96 మందిలో ఒకరికి ఉందని తేలింది. అంటే యూరప్‌తో సమానం.

2016లో అచ్చయిన మరో సర్వే తెలుగువారికి ఇంకా ఆసక్తికరం. ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23 వేలకు పైగా పెద్దవారిని పరీక్షించారు. దక్షిణాన ఎంచుకున్న చోటు వేలూరు ప్రాంతం. జబ్బు ఉత్తరాన 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాన 0.10 శాతం. జన్యువులు చూస్తే ఉత్తర, దక్షిణాల మధ్య పెద్ద తేడా లేదు, ఉత్తరాన 38 శాతం, దక్షిణాన 36 శాతం మందికి ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. సగటున రోజుకు గోధుమ వాడకం ఉత్తరాన 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములే. ఈశాన్యంలోనూ గోధుమ తక్కువే తింటారు, అయినా అక్కడ జబ్బు ఎక్కువే ఉంది కాబట్టి లెక్క మరీ సూటిది కాదు. ఏదేమైనా మనల్ని ఇన్నాళ్లూ కాచింది వంశం కాదు, బహుశా వరి అన్నం.

ఆ రక్షణ నిలిచేదేమీ కాదు. మధుమేహం వచ్చిందనగానే రాత్రిపూట అన్నం మానేసి చపాతీలు తినడం తెలుగు ఇళ్లలో ఆనవాయితీ అయింది. పొద్దున్నే బ్రెడ్డు, సాయంత్రం నూడుల్స్, వారాంతంలో పిజ్జా వచ్చి చేరాయి. ఉత్తరాదికీ విదేశాలకూ వెళ్లి స్థిరపడ్డ తెలుగువారి గోధుమ వాడకం సంగతి చెప్పనక్కర్లేదు. జన్యువు ఉన్నచోటికి గోధుమ వచ్చి చేరుతోంది. ఇక్కడి వైద్యులకు మాత్రం ఈ జబ్బు ఇంకా వెంటనే తట్టదు. రక్తహీనతకు నులిపురుగులు, బరువు తగ్గడానికి పేగు క్షయ, పొట్ట ఉబ్బరానికి గ్యాస్ అన్నవే ముందు వరుసలో ఉంటాయి. అవి నిజంగానే మనకు ఎక్కువ కాబట్టి వారిని పూర్తిగా తప్పుపట్టలేం.

నిర్ధారణ

పరీక్ష పూర్తయ్యేదాకా గోధుమ తింటూనే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైన ఈ సంగతే అన్నిటికంటే తక్కువగా తెలిసింది. రక్తంలో వెతికే ప్రతిరక్షకాలు గ్లూటెన్ లోపలికి వెళుతున్నంత కాలమే ఉంటాయి, మానేస్తే క్రమంగా తగ్గిపోతాయి. పేగు గోడ కూడా మాననారంభిస్తుంది. ఎవరో చెప్పారనో, వీడియో చూసో గోధుమ మానేసి, కాస్త తేలికపడి, నాలుగు నెలల తర్వాత పరీక్షకు వెళ్లినవారికి ఫలితం నెగెటివ్ రావచ్చు. జబ్బు ఉండి కూడా లేదన్న కాగితం చేతికొస్తుంది. అప్పటికే మానేసినవారు మళ్లీ తినాల్సిందే. పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలు, రోజూ ఒక పూటకు మించి గ్లూటెన్ ఉన్న ఆహారం తినాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ ఆరు వారాల బాధ భరించలేక నిర్ధారణే వదులుకునేవారు ఎందరో. మూడు పూటలా అన్నం, ఇడ్లీ తినేవారు పరీక్షకు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. కొన్ని వారాలు చపాతీ తిని రమ్మంటారేమో.

మొదటి పరీక్ష టీటీజీ-ఐజీఏ, అంటే టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ మీద గురిపెట్టిన ఐజీఏ రకం ప్రతిరక్షకాలను కొలిచేది. దానితోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా చూడాలి. సీలియాక్ రోగుల్లో సుమారు 2–3 శాతం మందికి ఐజీఏ పుట్టుకతోనే లోపించి ఉంటుంది, వారిలో మొదటి పరీక్ష అబద్ధం చెబుతుంది. అలాంటప్పుడు ఐజీజీ అనే మరో రకం ప్రతిరక్షకాల పరీక్షలు చేయిస్తారు. ల్యాబ్ చీటీలో మొత్తం ఐజీఏ రాయకపోతే రోగి అడిగి రాయించుకోవడంలో తప్పులేదు.

రక్తపరీక్ష పాజిటివ్ వస్తే పెద్దవారికి సాధారణంగా ఎండోస్కోపీ చేసి చిన్నపేగు తొలి భాగమైన ఆంత్రమూలం నుంచి ముక్కలు తీస్తారు. నష్టం పేగంతా ఒకేలా ఉండదు కాబట్టి ఒకటి రెండు ముక్కలు చాలవు. ఆంత్రమూలం మొదటి భాగం నుంచి ఒకటో రెండో, కింది భాగం నుంచి కనీసం నాలుగు తీయాలన్నది నియమం. నష్టాన్ని మైకేల్ మార్ష్ 1992లో ప్రతిపాదించిన మెట్ల ప్రకారం నివేదికలో రాస్తారు. మార్ష్ 3 అంటే చూషకాలు అరిగిపోయాయని అర్థం. పిల్లల విషయంలో యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2012లో ఒక సడలింపు తెచ్చి 2020లో దాన్ని మరింత సులువు చేసింది. టీటీజీ-ఐజీఏ సాధారణ పరిమితికి పది రెట్లు, అంతకు మించి ఉండి, రెండోసారి తీసిన రక్తంలో ఎండోమైసియల్ ప్రతిరక్షకాలు కూడా ఉంటే, తల్లిదండ్రుల సమ్మతితో ముక్క తీయకుండానే నిర్ధారించవచ్చు.

చూషకాలు అరిగినంత మాత్రాన సీలియాక్ అనుకోకూడదు. మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బు, జియార్డియా అనే పరాన్నజీవి, పేగు క్షయ, రక్తపోటుకు వాడే ఓల్మెసార్టాన్ మాత్ర కూడా పేగును దాదాపు అలాగే చూపించగలవు. ట్రాపికల్ స్ప్రూకు మందు యాంటీబయాటిక్, ఫోలిక్ ఆమ్లం. జీవితాంతం గోధుమ మానడం కాదు. రక్తపరీక్ష, పేగు ముక్క ఒకదానికొకటి పొసగనప్పుడు హెచ్‌ఎల్‌ఏ జన్యుపరీక్ష ఉపయోగపడుతుంది. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేకపోతే సీలియాక్ కాదని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. ఉంటే మాత్రం ఏమీ రుజువు కాదు.

వందలాది ఆహార పదార్థాలకు ఐజీజీ కొలిచి ‘మీకు ఇవి పడవు’ అని జాబితా ఇచ్చే ప్యాకేజీలు, వెంట్రుకల పరీక్షలు మార్కెట్లో ఉన్నాయి. ఒక ఆహారానికి ఐజీజీ ఉండడమంటే దాన్ని తిన్నారని అర్థం, అంతే. ఎలర్జీ వైద్యుల ప్రధాన అంతర్జాతీయ సంఘాలు వీటిని వాడవద్దనే చెబుతున్నాయి. వాటి మీద పెట్టే డబ్బు వృథా.

సీలియాక్ కాదని తేలితే

గోధుమ ఎలర్జీని ఎలర్జీ వైద్యుడు చర్మ పరీక్షతో, ఐజీఈ రక్తపరీక్షతో చూస్తాడు. గోధుమ తిని వ్యాయామం చేసినప్పుడు మాత్రమే ప్రమాదకరంగా మారే రకం కూడా ఉంది. దానికి కారణం ఒమెగా-5 గ్లయాడిన్.

మూడో రకమైన గ్లూటెన్ అసహనానికి రక్తపరీక్ష లేదు. మిగతా రెండూ కావని తేల్చాక, గోధుమ మాన్పించి, రోగికి తెలియకుండా మళ్లీ ఇచ్చి చూడడమే దారి. ఇటలీలోని సలేర్నోలో నిపుణులు కూర్చుని ఈ పద్ధతికి రాసిన నియమాలు 2015లో అచ్చయ్యాయి. అసలు దోషి గ్లూటెనేనా అన్నది కూడా వివాదమే. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయంలో పీటర్ గిబ్సన్ బృందం 2011లో గ్లూటెన్‌ను నిందించింది. అదే బృందం 2013లో ఫాడ్‌మ్యాప్ అనే పులిసే పిండిపదార్థాలను తగ్గించి చూసి, అప్పుడు గ్లూటెన్ ప్రభావం కనిపించలేదని రాసింది. సొంత ఫలితాన్ని తామే సవాలు చేయడం శాస్త్రంలో కూడా అరుదు. 2018లో నార్వే పరిశోధకులు గోధుమలోని ఫ్రక్టాన్ అనే పిండిపదార్థానికే ఎక్కువ వేలు చూపారు. ఫ్రక్టాన్లు ఉల్లిలో, వెల్లుల్లిలో కూడా ఉంటాయి. వీరి బాధ అబద్ధం కాదు, కారణం వేరు కావచ్చంతే. వీరికి సీలియాక్ రోగికున్నంత కఠిన నియమం అవసరం లేదు, కొంచెం గోధుమ పేగును కోయదు. ఏ జబ్బూ లేనివారు ఫ్యాషన్‌గా గ్లూటెన్ మానితే ఒరిగేదేమీ లేదు. ప్యాకెట్లలో దొరికే గ్లూటెన్ లేని బిస్కట్లలో తరచూ పీచు తక్కువ, చక్కెర, కొవ్వు ఎక్కువ.

తెలుగు వంటింట్లో

సీలియాక్ రోగి రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ తట్టుకోగలడని, 50 మిల్లీగ్రాములు రోజూ పడితే మూడు నెలల్లో పేగు దెబ్బతింటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఒక చపాతీలో 2 వేల మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. చిటికెడు పిండి కూడా ఎక్కువే.

ఈ కొలతతో చూస్తే మన వంట అదృష్టవంతురాలు. అన్నం, పప్పు, కూర, పెరుగు, ఇడ్లీ, దోసె, పెసరట్టు, రాగి సంకటి, జొన్న రొట్టె, అటుకులు, సగ్గుబియ్యం, అరిసెలు, సున్నుండలు, జంతికలు, పూతరేకులు సహజంగానే గ్లూటెన్ లేనివి. మానాల్సినవి చపాతీ, పూరీ, పరోటా, బొంబాయి రవ్వ ఉప్మా, సేమియా, మైదాతో చేసే మైసూర్ బజ్జీ, బొబ్బట్లు, గవ్వలు, తాపేశ్వరం కాజా, రవ్వలడ్డు, బ్రెడ్డు, కేకు. హైదరాబాద్‌లో ఉస్మానియా బిస్కట్, హలీమ్, డబుల్ కా మీఠా. బియ్యం రవ్వతో ఉప్మా నిక్షేపంగా తినవచ్చు. ఉప్మా పెసరట్టు లోపలి ఉప్మా దేనితో చేశారో మాత్రం అడగాలి.

కనబడకుండా చేరేవి అసలు ప్రమాదం. వీటిలో మొదటిది ఇంగువ. కిరాణా కొట్లో దొరికే ఇంగువ చాలావరకు బంకనూ పిండినీ కలిపి తయారుచేసింది, ఆ పిండి తరచూ గోధుమదే. పులిహోరలో, చారులో, ఆవకాయలో ఎవరూ ఊహించని చోట గోధుమ కూర్చుని ఉంటుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కూడా దొరుకుతుంది, డబ్బా మీద చదివి కొనాలి. రెండోది పిండిమర. అంతకుముందు గోధుమలు పోసిన మరలోనే జొన్నలు ఆడిస్తే జొన్నపిండి జొన్నపిండిగా మిగలదు. ఇంట్లో చిన్న మర పెట్టుకోవడమో, మిక్సీ వాడడమో మేలు. దక్షిణ భారత మార్కెట్లోని ధాన్యాలు, పిండులు పరీక్షించినప్పుడు సహజంగా గ్లూటెన్ లేనివాటిలో కొన్నిటిలో పరిమితికి మించి గ్లూటెన్ కనబడింది. కొట్టుల్లో విడిగా అమ్మే చిరుధాన్యాల పిండిని నమ్మలేం. గింజలు కొని, ఏరి, కడిగి, ఎండబెట్టి ఆడించుకోవడం పాత పద్ధతే, ఈ జబ్బుకు అదే సరైనది.

హార్లిక్స్ వంటి మాల్ట్ పొడులు బార్లీ, గోధుమలతో చేస్తారు. ‘బలానికి’ అని సీలియాక్ పిల్లవాడికి వీటిని పట్టడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. సోయా సాసు, బార్లీ నీళ్లు, బీరు, కొన్ని సూపు పొడులు కూడా ఈ జాబితాలోవే. ఓట్స్‌ను చాలామంది తట్టుకోగలరు, కానీ వాటిలో గోధుమ కలిసిపోయి ఉండడం మామూలు కాబట్టి గ్లూటెన్ లేదని ధ్రువీకరించినవే, అదీ డాక్టరును అడిగి తినాలి. గోధుమ వంటకూ రోగి వంటకూ ఒకే పెనం, ఒకే నూనె మూకుడు, ఒకే గరిటె వాడకూడదు. మిర్చి బజ్జీ శనగపిండిదే అయినా మైదా బోండాలు వేగిన నూనెలో వేస్తే పనికిరాదు.

అన్నం మీదే ఆధారపడితే పీచు, బి-విటమిన్లు తక్కువవుతాయి. కొర్రలు, సామలు, రాగులు, జొన్నలు, పప్పులు, ఆకుకూరలు వంతులవారీగా పెట్టాలి. మొదట్లో ఇనుము, ఫోలేట్, విటమిన్-డి, బి12 మందులుగా ఇవ్వాల్సి రావచ్చు. టీటీజీ ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ చూస్తారు. తగ్గకపోతే ఎక్కడో గోధుమ చేరుతోందని మొదటి అనుమానం.

గడప దాటాక

భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేనిదే ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలి. ఇది అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణమే. 20 నుంచి 100 మధ్య ఉన్నది ‘లో గ్లూటెన్’, సీలియాక్ రోగికి అది పనికిరాదు. ప్యాకెట్టు మీద ‘గోధుమ లేదు’ అని ఉంటే బార్లీ లేదని అర్థం కాదు.

పెళ్లి భోజనాలు, స్కూలు డబ్బా, ప్రసాదం దగ్గర చిక్కు తప్పదు. తిరుపతి లడ్డులో ప్రధాన దినుసు శనగపిండి, అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేది. రెంటికీ తేడా తెలియని ఇంట్లో ప్రసాదం వద్దన్న పిల్లవాడు తిట్లు తింటాడు. కళ్లకద్దుకుని పక్కవారికి ఇచ్చేస్తే చాలని పెద్దవారు ముందే చెప్పి ఉంచాలి. క్యాథలిక్ చర్చిలో గ్లూటెన్ బాగా తగ్గించిన అప్పం వాడడానికి అనుమతి ఉంది, పూర్తిగా లేనిది మాత్రం చెల్లదు.

ఇటలీ సీలియాక్‌ను సామాజిక వ్యాధిగా చట్టంలో గుర్తించి రోగుల ఆహారానికి నెలనెలా సాయం అందిస్తోంది. 2023లో పిల్లలందరికీ టైప్-1 మధుమేహం, సీలియాక్ పరీక్షలు చేసేందుకు అక్కడ చట్టం కూడా వచ్చింది. మన దగ్గర అంత విస్తృతమైన పరీక్షకు ఇప్పుడు వనరులు లేవు. రోగి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలను పరీక్షించడం మాత్రం సులువే. వారిలో పదిమందిలో దాదాపు ఒకరికి జబ్బు ఉండవచ్చు, బాధేమీ లేకపోయినా. ఒక ఇంట్లో ఒకరికి తేలితే మిగతావారు కూడా రక్తం ఇవ్వాలి.

మందుల ప్రయత్నం సాగుతోంది. పేగు గోడ కీళ్లను బిగించే లారజోటైడ్ మూడో దశ పరీక్షలో ఆశించిన ఫలితం రాక 2022లో ఆగిపోయింది. టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్‌ను అడ్డుకునే జెడ్‌ఈడీ1227 మాత్ర రోజూ గ్లూటెన్ తిన్నవారిలో కూడా పేగు నష్టాన్ని తగ్గించిందని 2021లో అచ్చయిన పరీక్ష చూపింది, ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఆమోదం పొందిన మందు లేదు. సీలియాక్ రోగికి ప్రస్తుతం ఉన్న ఒకే చికిత్స గోధుమ, బార్లీ, రై జీవితాంతం మానడం.